నీళ్ళ కింది పొలం

ఫిబ్రవరి 11, 1992

జొన్న పీకేశాను. మొక్కజొన్న జనవరిలోనే పోయింది, జొన్నయినా నిలుస్తుందనుకున్నాం. ఈ ఎండకి అదీ తల వాల్చేసింది. అమ్మ గుమ్మంలో కూర్చుని ఒక దంటు విరిచి, నమిలి చూసి ఊసేసింది.

“నా చిన్నప్పుడు ఇలాంటి దంటు పెడితే మా మేక కూడా అలిగేది,” అంది.

ఎనిఫా నవ్వింది. నా కూతురికి నవ్వడానికి ఇంకా ఓపికుంది. మంచిదే.

మా ఆయన లాజరో నుంచి కబురు లేదు. చెరకు తోటల్లో పని ముగిస్తే గాని మొగవాళ్ళని వదలరట. వస్తాడు.

ఫిబ్రవరి 19

ఆడవాళ్ళమంతా కలువ దుంపలకి వెళ్ళాం. నడుం లోతు నీళ్ళలో నిలబడి, కాలి బొటనవేలితో బురదని తడిమి, దుంప తగిలితే మునిగి పీకాలి. మొసళ్ళు దగ్గరికి రాకుండా ఒక మనిషి గెడకర్రతో నీళ్ళు కొడుతూ ఉండాలి. మా చిన్నప్పుడు ఆ పని అమ్మది. కర్రతో కొడుతూ పాటలు కట్టేది. ఎవరి మొగుడు బద్ధకస్తుడో, ఎవరి కూర మాడిపోయిందో, అన్నీ మొసలికే విన్నవించుకుంటున్నట్టు పాడేది. మేం నవ్వు ఆపుకోలేక నీళ్ళు మింగేవాళ్ళం. అప్పట్లో దుంపలు సరదాకి తవ్వేవాళ్ళమో, ఆకలికి తవ్వేవాళ్ళమో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే అమ్మ మాట మార్చేస్తుంది.

ఈరోజు ఎవరూ పాడలేదు. గెడకర్ర చప్పుడు ఒక్కటే.

నీళ్ళు చాలా దూరం వెనక్కి జరిగాయి. నిరుడు పడవ కట్టిన చోట ఇప్పుడు నెర్రెలు.

ఫిబ్రవరి 20

దుంపల చేదు పోవడానికి నీళ్ళు మార్చి మార్చి ఉడికించాను. ఎనిఫా తింది. అమ్మ తిన్నానంది. నాకు ఆకలిగా లేదు.

మార్చి 3

ఈమధ్య అమ్మ రోజూ ఒకటే ప్రశ్న. “నీళ్ళు ఎందాకా పోయాయి?”

నేను చెబుతాను. తల ఊపుతుంది. మర్నాడు మళ్ళీ అదే.

ఆవిడ దేనికోసం కనిపెట్టుకుని ఉందో నాకు తెలుసు. మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లా ఆ కథ వింటూనే పెరిగింది. మా అమ్మ చిన్నపిల్లగా ఉన్న రోజుల్లో ఈ మడుగు ఇంత పెద్దది కాదు. షిరే నది పక్కన నల్లటి లంక భూమి ఉండేది. ఏటా వరద తీయగానే ఆడవాళ్ళు అక్కడ దుంపలు, గుమ్మడి, మొక్కజొన్న వేసేవాళ్ళు. పైపొలం ఎండినా లంక పండేది. ఒక ఏడు వరద వచ్చింది, మళ్ళీ తీయలేదు. పొలాలన్నీ అలాగే నీళ్ళ కింద ఉండిపోయాయి.

మేం సంకటి దగ్గర పేచీ పెడితే అమ్మ, “నీళ్ళ కింది పొలంలో గుమ్మడికాయ మీద మనిషి కూర్చునేవాడు, తెలుసా!” అనేది. మేం ఆశ్చర్యపోయి నోరు తెరిస్తే ఆ నోట్లో ముద్ద పెట్టేసేది. నాన్న పక్కనుంచి, “అవునర్రా, మా అత్తగారి ఆస్తిని ఇప్పుడు చేపలు దున్నుతున్నాయి,” అనేవాడు. ఆ మాటకి అమ్మ ఎన్నిసార్లు అలిగిందో, నాన్న ఎన్నిసార్లు బతిమాలాడో! ఇప్పుడు తలుచుకుంటే, అలిగించడానికే అనేవాడేమోననిపిస్తుంది. బతిమాలడం ఆయనకి సరదా.

మార్చి 9

ఈరోజు దుంపలకి వెళ్ళినప్పుడు బురదలోంచి నల్లటి చెట్టు మొద్దొకటి పైకి లేచి కనిపించింది. ముట్టుకుంటే ఇనుములా ఉంది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

“చింతమొద్దు,” అంది వెంటనే. “దానికి తూర్పున మట్టి మొసలి వీపులా లేచి ఉందా?”

ఉంది. నేను చూశాను.

అమ్మ ఇంకేం అడగలేదు. పొద్దుపోయేదాకా అరచేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుంది. తరవాత, “నన్ను తీసుకుపో,” అంది.

“దూరం అమ్మా. బురద. నీ మోకాళ్ళు...”

“నా మోకాళ్ళని అడిగాను. వస్తామన్నాయి.”

మార్చి 14

తీసుకెళ్ళాను. సగం దూరం కర్ర పట్టుకుని నడిచింది. బురద మొదలయ్యాక వీపున ఎక్కించుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో! ఇంత తేలికని నాకు తెలియదు. ఎనిఫా చెప్పులు పట్టుకుని వెనకాల.

మొద్దు దగ్గర దించాను. అమ్మ వంగి మట్టి తీసుకుని వాసన చూసింది. ఎంతసేపు చూసిందో! పైన ఎండి, వేలు దింపితే చల్లగా తడి. ఆవిడ ముఖం నేనెప్పుడూ చూడని ముఖంలా ఉంది. ఎనిఫా వయసు ముఖం.

“ఇక్కడ మా అమ్మ పొయ్యి. కోతల కాలంలో ఇక్కడే గుడిసె వేసుకుని ఉండేవాళ్ళం. అదిగో ఆ పల్లంలో చెల్లెలు చిసోని పడిపోతే జుట్టు పట్టుకుని లాగాను. ఇటు మా బోదెలు. ఈ గట్టు దాటితే...”

అక్కడ ఆగిపోయింది.

“దాటితే ఎవరివి?” అన్నాను.

“ఎవరివో.”

ఎవరివో నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు.

కొత్తగా మొలిచిన గడ్డి మీద జువావు పశువులు మేస్తున్నాయి. మా వైపు ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్నన్ని పశువులు అతనొక్కడికే ఉన్నాయి. నీడన కూర్చున్నవాడు లేచొచ్చాడు.

“ఏం అవ్వా, ఏం పోగొట్టుకుని వెతుకుతున్నావు?”

“పొలం,” అంది అమ్మ.

అతను పగలబడి నవ్వాడు. “పొలం కూడా పోగొట్టుకుంటారా ఎవరైనా?”

“పోతుంది నాయనా. పోబట్టే నీ ఎద్దులకి దొరికింది.”

నవ్వు ఆగిపోయింది. “చూడవ్వా, నీళ్ళు వదిలేసిన నేల ఎవరిదీ కాదు. గడ్డి మొలిస్తే పశువుది. పెద్దాయన్ని అడుగు కావాలంటే.”

వచ్చేటప్పుడు అమ్మ నా వీపు మీంచి వెనక్కి చూస్తూనే ఉంది. ఆవిడ గడ్డం నా భుజానికి అటూ ఇటూ రాసుకుంటూంటే తెలిసింది.

మార్చి 17

గ్రామపెద్ద ఫోంబేయా ముంగిట్లో పంచాయితీ జరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళమంతా వెళ్ళాం. పిల్లలు ఏడవడం కూడా మానేసిన ఇళ్ళున్నాయి ఊళ్ళో. ఆ లంకలో ఇప్పుడు నాటితే వాన లేకపోయినా నేల తడికే పంట వస్తుంది. గుమ్మడాకు అంతకంటే ముందే చేతికొస్తుంది. ఆ మాటే చెప్పాను.

జువావు లేచాడు. “ఈ ఊరికి కరువులో పాలు పోసింది ఎవరు? నా ఆవులు. గడ్డి లేకపోతే పాలెక్కడివి?”

“నీ పాలు తాగింది పెద్దయ్య ఇల్లొక్కటే,” అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఫోంబేయా నవ్వలేదు, కానీ కోప్పడనూలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఇద్దరు గట్టిగా మాట్లాడితే మూడోవాడి కోసం ఎదురుచూస్తాడు.

చివరికి తేల్చాడు. “ఆ నేల ఒకప్పుడు ఎవరో సాగుచేసుకున్నదే అయితే వాళ్ళ ఆడపిల్లలదే. మన పద్ధతి అది. కానీ రుజువేది? రెండు వేరువేరు వంశాలవాళ్ళు గట్లు ఎక్కడెక్కడో చెప్పాలి. ఇద్దరి మాటా కలవాలి. కలిస్తే జువావు పశువుల్ని తోలుకుపోతాడు. కలవకపోతే మీరు ఇళ్ళకి పోతారు.”

ఆ లంకని కళ్ళతో చూసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. ఒకరు మా అమ్మ. రెండో ఆవిడ డొలొఫీనా.

అమ్మ లేచి కర్ర పుచ్చుకుని ఇంటికి వచ్చేసింది.

మార్చి 18

అమ్మ మాట్లాడటం లేదు. తిన్నానంది.

మార్చి 20

మాలో ఎవరైనా సంకటి ముంగిట్లో కూర్చునే తింటారు. దారిన పోయేవాణ్ణి పిలుస్తారు. వాడు కడుపు నిండిందని అబద్ధం చెప్పి పోతాడు, లేదా చెయ్యి కడుక్కుని కూర్చుంటాడు. తలుపు వేసుకుని తినేవాడు చేతబడి చేసేవాడితో సమానం.

వరద తీయని ఆ ఏడు అమ్మావాళ్ళు మెరకకి పారిపోయి డొలొఫీనా ఇంటి పక్కన గుడిసె వేసుకున్నారట. అంతకుముందు అమ్మా, డొలొఫీనా పొలం గట్టుకి అటొకరు ఇటొకరు, ఒక్క ప్రాణం. గాదెలు నీళ్ళపాలయ్యాయి. అందరికీ ఆకలే. అయితే డొలొఫీనా ఇంట్లో రోజూ పొయ్యి పొగ వచ్చేది. పొగ మొదలవగానే తలుపు పడేది. చిసోని ఆ తలుపు ముందు కూర్చుని ఏడ్చేది. తలుపు తీసేవారు కాదు. చిసోని పోయింది.

అప్పటినుంచి అమ్మ ఆ ఇంటి వైపు చూడలేదు. నీళ్ళకి వెళ్ళినా చుట్టూ తిరిగి వెళ్ళేది. నా పెళ్ళికి డొలొఫీనా కోడిని పంపితే వెనక్కి తోలింది. పాపం ఆ కోడి రెండిళ్ళ మధ్యా తిరిగి తిరిగి చివరికి మూడో ఇంట్లో కూర అయిందని నాన్న చెప్పేవాడు.

మార్చి 22

అమ్మకి చెప్పకుండా డొలొఫీనా ఇంటికి వెళ్ళాను. ముంగిట్లో ఎండలో చాప మీద పడుకుని ఉంది. మనిషి ఎండిపోయింది, దగ్గుతోంది. గొంతు మాత్రం అలాగే ఉంది.

“నీ తల్లి పంపిందా?”

“లేదు పెద్దమ్మా.”

“అదీ. పంపి ఉంటే వచ్చేదాన్ని కాదు. ఆవిడ పంపితే నేను రావడమేమిటి? పంపలేదు కాబట్టి వస్తాను.”

“మీరిద్దరూ చెప్పేది కలవాలి పెద్దమ్మా. ముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే...”

“దానితో కూర్చోను. కలుస్తుందా కలవదా అంటే, ఆ గట్టు మీద నా కాళ్ళు ఎంత తిరిగాయో దాని కాళ్ళూ అంతే తిరిగాయి. కాళ్ళు అబద్ధం చెప్పవు. నోరే చెబుతుంది.” కాసేపు దగ్గింది. “అది ఇప్పటికీ సంకటి ముద్దని గుండ్రంగా చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి తింటుందా?”

“తింటుంది.”

“నేనే నేర్పాను,” అంది.

మార్చి 25

కలిసింది!

ఫోంబేయా తెలివిగా చేశాడు. అమ్మని చింతమొద్దు దగ్గర, డొలొఫీనాని దూరంగా కొత్త ఒడ్డున కూర్చోబెట్టాడు. జువావు సొంత తమ్ముణ్ణి డొలొఫీనా పక్కనే కాపలా పెట్టారు, ఎవరూ సైగలు చెయ్యకుండా. ఊరంతా బురదలో నిలబడి ఉంది.

ముందు అమ్మని అడిగాడు. అమ్మ కర్రతో చూపించింది. “మొద్దు నుంచి ఆ పుట్ట దాకా మాది. పుట్ట నుంచి మొసలి వీపు దాకా ఇంకొకళ్ళది. దాని అవతల మాసాంబ వంశంవాళ్ళది. మధ్యలో పల్లం ఎవరిదీ కాదు, అక్కడ తుంగ కోసుకునేవాళ్ళం.”

“ఆ ఇంకొకళ్ళకి పేరుందా అవ్వా?”

“ఉండే ఉంటుంది.”

తరవాత డొలొఫీనా వచ్చింది. మనవరాలు జియోనే భుజం పట్టుకుని నడిచింది. అమ్మ పక్కనుంచే పుట్ట దాకా వెళ్ళింది, అమ్మ వైపు చూడలేదు. మొద్దు, పుట్ట, మొసలి వీపు, మాసాంబ వాళ్ళు, తుంగ పల్లం. అన్నీ అదే వరస. జనం ఊపిరి బిగబట్టి వింటున్నారు. జువావు మాత్రం ఊరుకోలేదు.

“ఊరంతా ఈ కథ వింటూ పెరిగాం! ఇందులో రుజువేముంది? ఎవరికీ చెప్పని ముక్క ఏదైనా చెప్పమనండి.”

డొలొఫీనా అతని వైపు చూసి, మళ్ళీ ఆ నేల వైపు చూసింది. “పుట్టకి ఇటు పక్కన కుందేలు బొరియ ఉండేది. మా అమ్మలు చూడకుండా అందులో వేరుశెనక్కాయలు దాచేవాళ్ళం. దొంగిలించినవి. ఎవరి చేలోవో మాత్రం చెప్పను, వాళ్ళ చుట్టాలు ఇక్కడే నిలబడి ఉన్నారు.”

ఫోంబేయా అమ్మ వైపు తిరిగాడు. “అవ్వా, ఏం దాచేవారు?”

ఆయన గొంతు వినగానే అమ్మ తల పైకెత్తింది. దూరంగా ఉంది కాబట్టి డొలొఫీనా చెప్పినది వినిపించి ఉండదు.

“ఎక్కడ?” అంది.

“కుందేలు బొరియలో.”

అమ్మ చెంగుతో నోరు మూసుకుంది. ఏడుస్తోందనుకుని నేను పరిగెత్తాను. నవ్వుతోంది. “ఆ ముండ చెప్పేసిందా? వేరుశెనక్కాయలు! ఫోంబేయా, మీ మేనత్త చేలోవేరా అవి!”

బురదలో నిలబడ్డ ఊరంతా ఒక్కసారి నవ్వింది. ఎన్ని నెలలయిందో ఇంతమంది కలిసి నవ్వి. ఫోంబేయా కూడా నవ్వాడు. జువావు కర్ర భుజాన వేసుకుని పశువుల్ని అదిలించాడు. వెళ్తూ వెళ్తూ, “నీళ్ళు తిరిగొచ్చేదాకానే,” అన్నాడు.

“నీళ్ళతో మేం మాట్లాడుకుంటాంలే,” అంది డొలొఫీనా.

మార్చి 26

చేతులు బొబ్బలెక్కాయి. రాయలేను.

ఏప్రిల్ 6

అందరం పారలు పట్టాం. బోదెలు పోస్తున్నాం. గుమ్మడి గింజలు అమ్మ సొరకాయ బుర్రలో బూడిద కలిపి దాచినవి. మొక్కజొన్న విత్తనం అవతలి ఒడ్డు చుట్టాల దగ్గర తెచ్చుకున్నాం. చిలగడదుంప తీగలు కావాలంటే మడుగు వారన ఇంకా పచ్చగా ఉన్నచోటికి వెళ్ళి కోసుకురావాలి.

అమ్మ కూర్చునే నాటుతుంది. ఇంట్లో ఉండమంటే వినదు. గట్టుకి అవతల డొలొఫీనా కూడా కూర్చునే నాటుతుంది. ఇద్దరి మధ్యా రెండు బోదెల దూరం. ఒకరితో ఒకరు మాట్లాడరు. నాతో మాట్లాడుతున్నట్టు మాట్లాడతారు.

“మాలితా, తీగని అంత లోతు పెడితే కుళ్ళుతుందని చెప్పు ఎవరికైనా.”

“మాలితా, కొంతమందికి చిన్నప్పుడు ఈ పని నేర్పిందే నేనని చెప్పు.”

ఏప్రిల్ 11

ఈరోజు జరిగింది మరిచిపోకుండా రాయాలి.

మధ్యాహ్నం ఎండ. మిగతావాళ్ళు నీడకి పోయారు. నేను తీగల మోపు మోసుకొస్తున్నాను. అమ్మ తల ఎత్తకుండా, నాటుతూనే, సూటిగా అడిగేసింది. నా పేరు వాడలేదు.

“ఏమే, ఆ ఏడు మీ ఇంట్లో రోజూ ఏం వండేవాళ్ళు?”

డొలొఫీనా చెయ్యి ఆగింది.

“నీళ్ళు,” అంది.

“ఏం నీళ్ళు?”

“నీళ్ళు. ఉత్తి నీళ్ళు. ఉప్పు కూడా లేదు. మా అయ్య పెద్దమనిషి కదా, పొయ్యి వెలగకపోతే పరువు పోతుందని మా అమ్మ కుండలో నీళ్ళు పోసి మంట పెట్టేది. ఆ కుండలో ఏముందో ఎవరూ చూడకూడదని తలుపేసేది. నీ చెల్లెలు బయట ఏడుస్తుంటే నేను లోపల నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్ని. మా తమ్ముడు కూడా ఆ నెలలోనే పోయాడు. జ్వరమని చెప్పారు మీకు.”

నేను మోపు దించడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

“ఇన్నేళ్ళూ చెప్పలేదే?” అంది అమ్మ.

“నువ్వడిగావా?”

“అబద్ధాలకోరు,” అంది అమ్మ. మళ్ళీ వంగి ఒక తీగ నాటింది. ఇంకొకటి నాటింది. తరవాత నా చేత మోపు దింపించి, విప్పి, సగానికి పైగా గట్టు మీంచి అవతలికి విసిరింది.

ఏప్రిల్ 12

ఇంట్లో అమ్మ ఒక్క మాటే అంది. “చిసోనికి చెప్పాలి, లోపల ఏమీ లేదని.”

మే 5

గుమ్మడాకు వచ్చింది! లేత ఆకు కోసి, ఈనె తీసి, తవుడు సంకటితో తిన్నాం. వేరుశెనగ పొడి ఉంటే ఇంకా బాగుండేది. అమ్మ ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి ఆకుకూర ముంచుకుంది. మొదటిసారి ఆవిడ తింటుంటే నేను కూర్చుని చూశాను. ఈమధ్య ‘తిన్నాను’ అన్న మాట వినడమే తప్ప, తినడం ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు.

నాకు ఎంత ఆకలిగా ఉందో ఈరోజు తెలిసింది.

మే 17

నీటిగుర్రాలు వచ్చి మాసాంబ వాళ్ళ మడి తొక్కేశాయి. తుంగతో కంచె కట్టాం, డబ్బాలు వేలాడదీశాం. వంతులవారీగా కాపలా.

చెరకు తోటల నుంచి వచ్చినావిడ సంతలో చెప్పింది, లాజరోని ఇంకో ఊళ్ళో, ఇంకెవరి ముంగిట్లోనో చూశానని. ఆవిడకి కళ్ళు సరిగ్గా కనిపించవు. అందరికీ తెలిసిందే.

మే 30

కాపలా గుడిసెలో ఇద్దరు ముసలమ్మలూ పగలంతా కూర్చుంటున్నారు. కాపలా ఏమోగానీ పోట్లాట ఆగదు. పుట్ట అప్పుడు ఎంత ఎత్తుండేది? చింతచెట్టు కాయ పులుపా తీపా? వరద మొదట ఏ వైపు నుంచి వచ్చింది? ఈరోజు ఎర్ర దుంప పేరు దగ్గర మొదలై సాయంత్రం దాకా సాగింది. ఆడవాళ్ళం కలుపు తీస్తూ వింటున్నాం. వినేవాళ్ళుంటే ఇద్దరికీ ఉత్సాహం.

డొలొఫీనా పెద్దమ్మ దగ్గు తగ్గింది. ఎండకి తగ్గుతుంది.

జూన్ 14

చలికాలం వచ్చేసింది. డొలొఫీనా పెద్దమ్మ గుడిసెకి రాలేదు. అమ్మ ఒక్కతే కూర్చుంది. మధ్యాహ్నం నన్ను పిలిచి, “దానికి చెప్పు, మొక్కజొన్నకి పీచు వచ్చిందని,” అంది.

“నువ్వే చెప్పు,” అన్నాను.

జూన్ 15

అమ్మ ఆ ఇంటికి వెళ్ళింది. చుట్టూ తిరిగి కాదు, నేరుగా.

జూన్ 21

డొలొఫీనా పెద్దమ్మ తెల్లవారుజామున పోయింది. కంకులు గింజ కడుతున్నాయి, ఒక్క వారం ఆగి ఉంటే తినేది.

అమ్మ శవం పక్కనే కూర్చుంది, అక్కచెల్లెళ్ళు కూర్చునే చోట. ఎవరూ కాదనలేదు. అందరూ ఏడుస్తున్నా అమ్మ ఏడవలేదు. పూడ్చి వచ్చాక, ఇంటికొచ్చే దారిలో ఆగిపోయింది.

“ఇప్పుడు ఆ పొలం అప్పట్లో ఎలా ఉండేదో నాకొక్కదానికే తెలుసు,” అంది. “ఇక నేనేం చెప్పినా నిజమే. కాదనేవాళ్ళు లేరు.”

అప్పుడు ఏడ్చింది. దారి మధ్యలో కూలబడి, చిన్నపిల్ల ఏడ్చినట్టు. లేపడానికి నాకు చేతులు రాలేదు. పక్కనే కూర్చున్నాను.

జులై 2

పచ్చి కంకులు. కాల్చిన వాసన ఊరంతా.

జులై 26

గాదె నిండలేదు. అడుగు కప్పింది, ఇంకొంచెం పైకి. చిలగడదుంపలు మాత్రం బాగా ఊరాయి. బోదె తవ్వితే పందిపిల్లల్లా వరసగా బయటపడ్డాయి. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒకటి చేరింది. పాలివ్వని ఆవుల్ని అమ్ముకున్న జువావు కూడా పెళ్ళాన్ని పంపించాడు, రెండు బోదెల నేల ఇస్తారేమోనని. ఆడవాళ్ళు నా వైపు చూశారు. నేను అమ్మ వైపు చూశాను.

“ఇవ్వండి,” అంది అమ్మ. “తుంగ పల్లం పక్కన ఇవ్వండి. నడుం లోతు కలుపు అక్కడ. పీక్కోమను.”

అక్టోబర్ 8

లాజరో వచ్చాడు.

ఎండకి నల్లబడి, సగమై. ముంగిట్లో నిలబడ్డాడే గాని లోపలికి రాడు. చెరకు కూడా ఎండిపోయి కూలీల్ని మార్చిలోనే పంపించేశారట. ఉత్త చేతులతో రాలేక ఇటుకల బట్టీలో, ఆ తరవాత ఇంకెక్కడో. ఇంకెక్కడో అన్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. చేతిలో ఉప్పు మూట ఒకటి.

అడగాల్సిన మాటలు చాలా పోగేసి పెట్టుకున్నాను. దారుల్లో, బోదెల మధ్య, కంచె దగ్గర, ఒక్కొక్కటీ పదును పెట్టుకున్నాను. అతని మోచేతులు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు.

అమ్మే అంది. “అల్లుడూ, నీకని దాచిన సంకటి చల్లారి చాలా కాలమయింది. దుంపలున్నాయి. కాళ్ళు కడుక్కుని రా.”

తిన్నాడు. తింటూ ఎనిఫాని అడిగాడు, ఇవెక్కడి దుంపలని.

“నీళ్ళ కింది పొలంవి,” అంది ఎనిఫా, అదేదో అందరికీ తెలిసిన ఊరన్నట్టు.

అడగడం రేపు. లేదా ఎల్లుండి.

అక్టోబర్ 10

అడిగాను. చెప్పాడు. రాయను.

బయటి గుడిసెలో పడుకుంటున్నాడు. పారకి కొత్త కర్ర వేశాడు.

డిసెంబర్ 2

వాన! మొదటి మబ్బుకే మట్టి వాసన ఊరంతా కమ్మింది. పైపొలంలో జొన్న చల్లాం. గాదెలో గింజ, పొలంలో విత్తనం. రెండూ ఒకేసారి ఉండటం ఎంతకాలమయిందో.

డిసెంబర్ 29

నది పొంగుతోంది. ఎగువన కూడా బాగా కురిసిందట. లంకలో చివరి దుంపలు తవ్వేశాం. తుంగ పల్లం ఇప్పటికే మునిగింది.

అమ్మ పొద్దున్నే కర్ర పుచ్చుకుని, “పిల్లల్ని పిలువు. ఎనిఫాని, ఆ డొలొఫీనా మనవరాలు జియోనేని, మాసాంబ వాళ్ళ పిల్లని,” అంది. ఎందుకని అడిగితే చెప్పదు. లాజరో వీపున ఎక్కించుకున్నాడు. నేను వెనకాల.

చీలమండల లోతు నీళ్ళలో పిల్లల్ని నడిపించింది. మొద్దు నుంచి పుట్ట దాకా. పుట్ట నుంచి మొసలి వీపు దాకా. ప్రతి చోటా ఆగి, “ఇదేమిటి? ఇది ఎవరిది?” అని అడిగి, వాళ్ళ చేత చెప్పించింది. పిల్లలకి కాసేపు బాగానే ఉంది. తరవాత విసుగు మొదలైంది.

“అమ్మమ్మా, అంతా మునిగిపోతుందిగా, ఇవన్నీ ఎందుకు మాకు?” అంది ఎనిఫా.

“మునిగినదంతా మళ్ళీ తేలుతుంది. నేనుండను. నువ్వుంటావు.”

మొసలి వీపు దగ్గర అమ్మ ఆగి ఊపిరి తీసుకుంటూంటే పిల్లల్లో ఇద్దరికి మాటా మాటా పెరిగింది. గట్టు పుట్టకి ఇటు పక్కనుంచి పోతుందని ఎనిఫా, కాదు, అటు పక్కనుంచని జియోనే.

“మా అమ్మమ్మ చెప్పింది!”

“మా అమ్మమ్మ కూడా చెప్పింది, బతికున్నప్పుడు! కుందేలు బొరియ మావైపే!”

“ఇద్దరిదీ!”

“నువ్వు చూశావా?”

“నువ్వు చూశావా?”

నీళ్ళు చిమ్ముకుంటున్నారు. నేను కోప్పడబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“పోట్లాడుకోనీ,” అంది. “పోట్లాడుకుంటే మరిచిపోరు.”

ఇంటిదాకా ఆ పిల్లలు ఆ గట్టు గొడవ ఆపలేదు. లాజరో వీపు మీద అమ్మ, మాటిమాటికీ అతని భుజం తట్టి, “మెల్లిగా, మెల్లిగా నడువు,” అంటోంది. నొప్పేమోనని నేను దగ్గరికి వెళ్ళాను. నొప్పి కాదు. పిల్లలు వెనకబడ్డారు. వాళ్ళ మాటలు వినపడాలని.